వీనులే ఆయుధముగా: గిల్బర్ట్ వైట్

పరిశోధనకు యంత్రసామగ్రి లేదని నిరుత్సాహపడే మా విద్యార్థులకు ఈ సంచికలో మేము ఒక పల్లెవాసి జీవితాన్ని పరిచయం చేయదలచాము.

ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో సెల్‌బోర్న్ అనే పల్లె ఉన్నది. గిల్బర్ట్ వైట్ 1720లో అక్కడ జన్మించాడు. ఆక్స్‌ఫర్డులో చదివి, క్రైస్తవ మతాచార్యుడై, జీవితంలో అధికభాగం ఆ పల్లెలోనే గడిపాడు.

పొదలలో మిడత వలె ఎడతెగక రొద చేసేది ఒక చిన్న పిట్ట అని ఆయన చెప్పగా పల్లెజనం నవ్వేవారు. అది గజం దూరంలో కూస్తున్నా కంటబడదు. కంచెకు అవతల ఒక మనిషిని నడిపించి వెదకగా, ముళ్ల మొదళ్లలో ఎలుక వలె నూరు గజాలు ప్రాకిపోయినదే గాని స్పష్టంగా కనిపించలేదు. అలికిడి లేని వేకువలో మాత్రం కొమ్మ కొనపై రెక్కలు వణికిస్తూ పాడేది. 1768 ఏప్రిల్‌లో ఆయన ఈ వృత్తాంతాన్ని థామస్ పెనెంట్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞునికి లేఖగా వ్రాశాడు. చూపునకు ఒక్కటిగానే తోచే మూడు పిట్టలు వేర్వేరు జాతులని, ప్రధానంగా వాటి కూతలను బట్టి, ఆ ఏడే నిర్ధారించాడు. నవ్విన నాపచేనే పండినది.

ఇంతటి వినికిడియే ఆయనకు తరచు మందగించేది. ఆ వేదనను 1774లో ఒక లేఖలో వెల్లడించాడు. అయినను పరిశీలన మానలేదు. ఆ లేఖలు 1789లో గ్రంథరూపం దాల్చాయి. 1793లో ఆయన సెల్‌బోర్న్‌లోనే కన్నుమూశాడు.

మన కళాశాల చెట్లపై కూసే పిట్టలలో ఎన్నింటిని గొంతు విని గుర్తించగలమో, ఒక వేకువన నిలిచి లెక్కించుకుందము.