రహీం సాబ్: బాల్ లేనప్పుడు ఎలా ఆడాలో నేర్పిన హైదరాబాదీ కోచ్

ఉప్పల్ అనగానే క్రికెట్ స్టేడియమే గుర్తొస్తుంది. కానీ ఉప్పల్, నాచారం వైపు బాస్కెట్‌బాల్ నేర్చుకునే పిల్లలు ఒక హైదరాబాదీ ఫుట్‌బాల్ కోచ్ గురించి తప్పక తెలుసుకోవాలి. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

బాస్కెట్‌బాల్‌లో స్క్రీన్ అంటే డిఫెండర్ దారిలో కదలకుండా నిలబడి తోటి ప్లేయర్‌కు ఖాళీ ఇవ్వడం. ఆ ప్లేయర్ భుజం రాసుకుంటూ పోవాలి. గ్యాప్ వదిలితే డిఫెండర్ దూరిపోతాడు. ఫుట్‌బాల్‌లో బాల్ అందేంత దగ్గర లేనప్పుడు ప్రత్యర్థి దారిలోకి కదిలి అడ్డుకుంటే ఫౌల్. అక్కడ పాస్‌తో, పరుగుతోనే ఖాళీ తేవాలి. రహీం నేర్పింది ఇదే.

1909లో పుట్టిన రహీం మొదట స్కూల్ టీచర్. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. డ్రిబ్లింగ్ లేని పోటీలు కూడా పెట్టేవారాయన. డ్రిబ్లింగ్ లేకపోతే బాల్ వెంటనే ఇచ్చేయాలి కదా! మిగతావాళ్లు ఖాళీ చూసి పరుగెత్తక తప్పదు.

ఇండియా కోచ్‌గా 1951 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చారు.

1962 జకార్తా నాటికి ఆయనకు క్యాన్సర్. అయినా వెనక్కి తగ్గలేదు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో పీకే బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టారు. సౌత్ కొరియాపై 2-1తో గోల్డ్ మనదే.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు ఆ తర్వాత గోల్డ్ రాలేదు.