డొరోథియా డిక్స్

డొరోథియా లిండ్ డిక్స్ (ఏప్రిల్ 4, 1802 - జూలై 17, 1887) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఉపాధ్యాయురాలు, రచయిత్రి, సంఘ సంస్కర్త. ఏ నేరమూ చేయకపోయినా, కేవలం మతిస్థిమితం కోల్పోయిన కారణంగా చెరసాలల్లో మగ్గుతున్నవారిని వైద్యుల సంరక్షణలోకి మార్పించడానికి ఈమె తన జీవితాన్ని అంకితం చేసింది. ఈమె కృషి వలన కొత్తగా స్థాపించబడిన లేదా విస్తరించబడిన మానసిక చికిత్సాలయాలు ముప్పైకి పైగా ఉన్నాయి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉత్తర సైన్యపు నర్సులకు పర్యవేక్షకురాలిగా కూడా పనిచేసింది. మానసిక రోగి బాధ్యత చెరసాల అధికారిదా, వైద్యుడిదా అనే ప్రశ్నను చట్టసభల ముందు నిలబెట్టినవారిలో ఈమె అగ్రగణ్యురాలు.

బాల్యం

డొరోథియా మెయిన్ ప్రాంతంలోని హాంప్డెన్ గ్రామంలో జన్మించింది. అప్పటికి మెయిన్ ప్రత్యేక రాష్ట్రం కాదు, మసాచుసెట్స్‌లో భాగంగా ఉండేది. తండ్రి జోసెఫ్ డిక్స్ ఊరూరా తిరిగే మెథడిస్టు మత ప్రచారకుడు. తల్లి పేరు మేరీ బిగెలో. తండ్రి మద్యపానం, తల్లి అనారోగ్యం కారణంగా ఇద్దరు తమ్ముళ్ళ ఆలనాపాలనా చిన్ననాటి నుండే ఈమె మీద పడింది. 12 ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి బోస్టన్‌లో ఉన్న నాయనమ్మ వద్దకు చేరింది. తాత ఎలైజా డిక్స్ పేరున్న వైద్యుడు. నాయనమ్మ క్రమశిక్షణకు మారుపేరు. తరువాత కొంతకాలం వూస్టర్ పట్టణంలో బంధువుల ఇంట పెరిగింది.

ఉపాధ్యాయ వృత్తి

14 ఏళ్ళ వయసులోనే వూస్టర్‌లో చిన్నపిల్లలకు బడి నడిపింది. 1821లో బోస్టన్‌లో మరొక పాఠశాల ప్రారంభించింది. 1824లో నిత్యజీవితంలోని వస్తువుల గురించి తల్లీకూతుళ్ళ సంభాషణ రూపంలో ఈమె రాసిన పాఠ్యపుస్తకం విశేష ఆదరణ పొంది, 1869 నాటికి 60 ముద్రణలు పొందింది. 1831లో బాలికల కోసం ఆదర్శ పాఠశాల స్థాపించింది కానీ, 1836లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతినడంతో దానిని మూసివేయవలసి వచ్చింది.

విశ్రాంతి కోసం ఇంగ్లాండు వెళ్ళి, లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ కుటుంబంతో ఏడాదికి పైగా గడిపింది. యార్క్ నగరంలో క్వేకర్లు 1796లో ప్రారంభించిన చికిత్సాలయం గురించి ఈమెకు అక్కడే తెలిసింది. గొలుసులు, కొరడాలు లేకుండా, మర్యాదతోనూ చేతిపనితోనూ రోగులను చూసుకోవడం అక్కడి పద్ధతి. ఈమె విదేశంలో ఉండగానే నాయనమ్మ మరణించింది. ఆమె ద్వారా సంక్రమించిన ఆస్తి వలన జీవనోపాధికి వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది.

తూర్పు కేంబ్రిడ్జి చెరసాల

మార్చి 28, 1841 ఆదివారం నాడు, బోస్టన్ సమీపంలోని తూర్పు కేంబ్రిడ్జి చెరసాలలో స్త్రీ ఖైదీలకు బైబిలు పాఠం చెప్పడానికి డొరోథియా వెళ్ళింది. అక్కడ నేరస్తులతో పాటు మతిస్థిమితం లేని స్త్రీలు కూడా కనిపించారు. వారి గదుల్లో చలిమంట లేదు. ఎందుకు లేదని అడిగితే, పిచ్చివారికి చలి తెలియదని కావలివారు సమాధానమిచ్చారు. ఈమె న్యాయస్థానాన్ని ఆశ్రయించి ఆ గదులకు వెచ్చదనం కల్పించే ఏర్పాటు చేయించింది.

వారు అక్కడికి చేరడానికి కారణం ఎవరి క్రూరత్వమూ కాదు, మరొక చోటు లేకపోవడమే. వీధుల్లో తిరుగుతున్న మతిస్థిమితం లేనివారి వలన ప్రమాదం కలుగుతుందని తోచినప్పుడు అధికారులు పట్టుకుని చెరసాలకు తరలించేవారు. మిగిలినవారు పేదల శరణాలయాలకు చేరేవారు. కొన్ని ఊళ్ళలో అతి తక్కువ సొమ్ముకు పోషిస్తామని పాట పాడినవారికి రోగులను అప్పగించేవారు. బోస్టన్ వద్ద 1818లో ప్రారంభమైన చికిత్సాలయం ప్రధానంగా సొమ్ము చెల్లించగలిగినవారికే అందుబాటులో ఉండేది. వూస్టర్‌లో 1833లో తెరిచిన రాష్ట్ర చికిత్సాలయం కొద్దికాలంలోనే నిండిపోయింది. నయం కారని తేల్చినవారిని అక్కడి నుండి తిరిగి చెరసాలలకే పంపేవారు.

మసాచుసెట్స్ విజ్ఞాపన

ఒక్క చెరసాలతో ఆగక, డొరోథియా రాష్ట్రమంతటా పర్యటించి చెరసాలలను, పేదల శరణాలయాలను స్వయంగా పరిశీలించింది. ఏ ఊరిలో ఎవరిని ఏ స్థితిలో చూసిందీ పుస్తకంలో రాసుకుంది. నేలమాళిగల్లో, చెక్క పంజరాల్లో, పశువుల దొడ్లలో గొలుసులతో కట్టివేయబడిన మనుషులను చూసింది. 1843 జనవరిలో ఈ వివరాలన్నీ ఊరి పేర్లతో సహా రాష్ట్ర చట్టసభకు విజ్ఞాపనగా సమర్పించింది. ఆ కాలంలో స్త్రీలకు ఓటు హక్కు లేదు, సభలో మాట్లాడే అవకాశమూ లేదు. అందుచేత ఈమె తరఫున సభ్యుడు శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ దానిని ప్రవేశపెట్టాడు.

కొన్ని ఊళ్ళ అధికారులు తమపై అతిశయోక్తులు రాశారని నిరసన తెలిపారు. అయినప్పటికీ చట్టసభ వూస్టర్ చికిత్సాలయాన్ని విస్తరించడానికి నిధులు మంజూరు చేసింది.

ఇతర రాష్ట్రాలలో కృషి

తరువాతి పదేళ్ళలో ఈమె ఇదే పద్ధతిని రాష్ట్రం తరువాత రాష్ట్రంలో అనుసరించింది. మొదట పర్యటన, తరువాత విజ్ఞాపన, ఆపైన శాసనసభ్యులను ఒక్కొక్కరినీ కలిసి ఒప్పించడం ఈమె విధానం. న్యూజెర్సీలో 1845లో సమర్పించిన విజ్ఞాపన ఫలితంగా ట్రెంటన్ చికిత్సాలయం 1848లో ప్రారంభమైంది. దీనిని ఈమె తన తొలి సంతానంగా భావించేది. ఇల్లినాయ్, పెన్సిల్వేనియా రాష్ట్రాలలోనూ ఈమె కృషితో చికిత్సాలయాలు వెలిశాయి.

ఉత్తర కరొలినాలో 1848లో బిల్లు మొదట వీగిపోయింది. ఆ సమయంలో శాసనసభ్యుడు జేమ్స్ డాబిన్ భార్య మరణశయ్యపై ఉంది. చివరి రోజుల్లో డొరోథియా ఆమెకు సేవ చేసింది. ఆ బిల్లుకు మద్దతు ఇవ్వమని ఆమె భర్తను కోరింది. భార్య అంత్యక్రియల అనంతరం డాబిన్ సభకు వచ్చి చేసిన ప్రసంగంతో బిల్లు నెగ్గింది. రాలీ నగరంలో ఆ చికిత్సాలయం 1856లో ప్రారంభమైంది.

భూముల బిల్లు - వీటో

రాష్ట్రాల వద్ద నిధులు చాలవని గ్రహించిన డొరోథియా 1848లో జాతీయ కాంగ్రెసుకు విజ్ఞాపన సమర్పించింది. తగిన సంరక్షణ లేని 9,000 మందికి పైగా బాధితులను తాను కళ్ళారా చూశానని అందులో పేర్కొంది. ప్రభుత్వ భూములను రాష్ట్రాలకు కేటాయించి, వాటి అమ్మకం సొమ్మును మూలధనంగా ఉంచి, వడ్డీతో నిరుపేద మానసిక రోగులను పోషించాలన్నది ఈమె ప్రతిపాదన. ఆరేళ్ళ నిరీక్షణ తరువాత 1854లో 1,22,25,000 ఎకరాల బిల్లును ఉభయసభలూ ఆమోదించాయి. ఇందులో కోటి ఎకరాలు మానసిక రోగులకు, మిగిలినవి బధిరులకు ఉద్దేశించినవి.

అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ 1854 మే నెలలో ఈ బిల్లును వీటో చేశాడు. నిరుపేదల పోషణ రాష్ట్రాల బాధ్యతే గాని కేంద్రానిది కాదని ఆయన వాదన. వీటోను రద్దుచేయడానికి తగినన్ని ఓట్లు రాలేదు. ఆ తరువాత చాలా దశాబ్దాల పాటు సంక్షేమ విషయాలలో కేంద్ర ప్రభుత్వం దూరంగా ఉండటానికి ఈ నిర్ణయం ఒక ఆధారమైంది.

ఐరోపా పర్యటన, అంతర్యుద్ధం

వీటోతో నిరాశ చెందిన డొరోథియా ఐరోపా వెళ్ళింది. స్కాట్లాండులో ఈమె చేసిన పరిశీలన కారణంగా 1855లో విచారణ సంఘం ఏర్పడి, 1857లో కొత్త చట్టం వచ్చింది. 1856లో రోములో పోప్ తొమ్మిదవ పయస్‌ను కలిసి అక్కడి రోగుల దుస్థితిని వివరించింది.

1861లో అంతర్యుద్ధం మొదలుకాగానే ఉత్తర సైన్యపు నర్సుల పర్యవేక్షకురాలిగా నియమితురాలైంది. నర్సులుగా చేరేవారికి 35 ఏళ్ళు నిండి ఉండాలని, నిరాడంబరంగా ఉండాలని కఠిన నియమాలు పెట్టింది. సైనిక వైద్యులతో తరచు విభేదాలు వచ్చాయి. 1863లో నర్సులను నియమించే అధికారాన్ని వైద్యాధికారులకు కూడా ఇవ్వడంతో ఈమె ప్రాధాన్యత తగ్గింది. యుద్ధం ముగిశాక తిరిగి తన పాత పనినే చేపట్టింది.

చివరి రోజులు

1881లో అనారోగ్యంతో, తన కృషితో వెలిసిన ట్రెంటన్ చికిత్సాలయంలోనే చేరింది. అక్కడ ఈమెకు ప్రత్యేక గదులు కేటాయించారు. ఆరేళ్ళ తరువాత అక్కడే మరణించింది. ఈమె అవివాహిత. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఈమెను ఖననం చేశారు.

విమర్శలు, ప్రభావం

బానిసత్వ సమస్యపై ఈమె మౌనం వహించిందన్న విమర్శ ఉంది. దక్షిణాది రాష్ట్రాల మద్దతు కోల్పోకుండా ఉండటం అందుకు ఒక కారణం. ఈమె స్థాపింపజేసిన చికిత్సాలయాలు కాలక్రమంలో కిక్కిరిసిపోయి, వైద్యం కంటే నిర్బంధానికే పరిమితమయ్యాయి. ఈ ధోరణి ఈమె జీవితకాలంలోనే మొదలైంది.

20వ శతాబ్దం రెండవ భాగంలో అమెరికాలో పెద్ద చికిత్సాలయాలను క్రమంగా మూసివేశారు. వాటి స్థానంలో ఊరూరా వైద్యకేంద్రాలు నెలకొల్పాలని 1963లో చట్టం చేసినా, తగినన్ని ఏర్పడలేదు. ఫలితంగా రోగులు మళ్ళీ పోలీసుల చేతికి, చెరసాలలకు చేరసాగారు. మెంఫిస్ నగరంలో 1987లో మానసిక సంక్షోభంలో ఉన్న ఒక వ్యక్తి పోలీసు కాల్పుల్లో మరణించాడు. దానితో 1988లో అక్కడి పోలీసు శాఖ వైద్యులు, విశ్వవిద్యాలయాలు, రోగుల కుటుంబాలతో కలిసి ఒక పథకం రూపొందించింది. ఎంపికైన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇచ్చి, రోగిని చెరసాలకు కాక ఆసుపత్రికి చేర్చడం దీని ముఖ్యోద్దేశం. పోలీసులు తెచ్చిన రోగిని తిప్పిపంపకుండా చేర్చుకునే ఆసుపత్రి ఉండటం ఈ పథకానికి ప్రాణం. 1841లో డొరోథియా చూసిన లోపం సరిగ్గా ఇదే.

విశేషాలు

* 1979లో అమెరికా జాతీయ మహిళా కీర్తి మందిరంలో ఈమెకు స్థానం కల్పించారు.
* 1983లో అమెరికా తపాలా శాఖ ఈమె చిత్రంతో ఒక సెంటు తపాలా బిళ్ళ విడుదల చేసింది.
* ఈమె పేరుతో ప్రసిద్ధమైన రాలీ చికిత్సాలయం 2012లో మూతపడింది. ఆ స్థలాన్ని 2015లో నగరపాలక సంస్థ కొనుగోలు చేసింది. ప్రస్తుతం అది ఈమె పేరు మీదనే ఉద్యానవనంగా ఉంది.