పొలం పాటను తెరకెక్కించిన కొసరాజు.. బొంబాయి దాకా వెళ్లిన ఆ ట్యూన్ కథ ఇదీ!

అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ తెలియనివాళ్లు తక్కువే. అయితే ఆ స్టూడియో కట్టకముందే సారథి బ్యానర్ సినిమాల్లో రైతు పాట మోగింది. రాసింది కొసరాజు రాఘవయ్య చౌదరి.

1905లో పుట్టిన కొసరాజు బాపట్ల దగ్గర అప్పికట్లలో పెరిగారు. పల్లె పదాలు, జానపద బాణీలు ఆయనకు కొట్టిన పిండి. అప్పట్లో జమీందారీకి వ్యతిరేకంగా రైతులు కదులుతున్నారు. అదే అంశంతో గూడవల్లి రామబ్రహ్మం 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. సినీకవిగా కొసరాజుకు అదే తొలి సినిమా. ఊళ్లో జరుగుతున్న గొడవే తెరపై పాటైంది. జమీందార్లకు మండింది.. కొన్నిచోట్ల సినిమాను నిషేధించారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన సినిమాలకు దూరంగా ఉండిపోయారు. 1954లో ‘పెద్దమనుషులు’తో మళ్లీ వచ్చారు. మరుసటి ఏడాదే సారథి వాళ్ల ‘రోజులు మారాయి’. భూమి కోసం రైతులు పడే పాట్లే అందులో కథ. దానికి కొసరాజు ఇచ్చిన ఏరువాక పాట ఊరూరా మారుమోగింది. మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు, వహీదా రెహమాన్ డ్యాన్స్.. ఇంకేం కావాలి? ఐదేళ్లకే ఎస్‌డీ బర్మన్ ఆ ట్యూన్‌ను హిందీ సినిమా ‘బొంబయి కా బాబు’లోకి తీసుకున్నారు.

పేకాట, సిగరెట్.. జనం నోట నానే ఏ సంగతినీ కొసరాజు వదల్లేదు. జానపద కవి సార్వభౌముడని పేరు తెచ్చుకున్న ఆయన 1980ల్లో కన్నుమూశారు. తొలకరి పడితే చాలు, ఆ ఏరువాక పాట ఇప్పటికీ గుర్తొస్తుంది.