ఒకే చట్టం, ఇద్దరు అధికారులు
(అల్లూరి సీతారామరాజు జీవితం)

కోటవురట్ల నుంచి నర్సీపట్నం మీదుగా మన్యం వైపు వెళ్తే కృష్ణదేవిపేట వస్తుంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే ఉంది. ఆయన పేరు వినని తెలుగువారుండరు. కానీ ఆయన ఎందుకు తిరగబడ్డారో, ఆనాడు చట్టం పేరిట ఏం జరిగిందో మన పిల్లలకు తెలిసింది తక్కువే. ఆ జీవితాన్ని ఒకసారి పరిశీలిద్దాం.

సీతారామరాజు 1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. చదువు మధ్యలో ఆపి ఉత్తరాది పుణ్యక్షేత్రాలు తిరిగారు. 1917లో కృష్ణదేవిపేట చేరి సన్యాసిలా జీవించసాగారు. మన్యం ప్రజల కష్టాలు అక్కడే కళ్ళారా చూశారు.

ఆ కష్టాలకు మూలం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. కొండవాళ్ళు తాతల నాటి నుంచి పోడు చేసుకుని బ్రతికేవారు. అడవిలో దొరికే కాయా కర్రా తెచ్చుకునేవారు. వాళ్ళను ఒక్కమాట అడగకుండానే ప్రభుత్వం ఆ బ్రతుకుతెరువును నేరంగా మార్చింది. నిన్నటి దాకా తమదైన అడవిలో వాళ్ళు ఈనాడు దొంగలయ్యారు.

చట్టం కఠినమైనదైతే దాన్ని అమలు చేసే చేయి మరింత కఠినమైంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండల్లో రోడ్లు వేయించేందుకు జనాన్ని బలవంతంగా పనిలోకి దించాడు. ఇచ్చే కూలి కడుపు నింపేది కాదు. ఎదురు చెప్పినవారికి వేధింపులు తప్పేవి కావు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు కూడా అతని బాధితులే.

సీతారామరాజు మొదట ఆయుధం పట్టలేదు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో మద్యం మానమని, తగాదాలను కోర్టులకెక్కకుండా పంచాయితీల్లో తీర్చుకోమని జనానికి చెప్పారు. దానికే ప్రభుత్వం ఆయనను అనుమానించి నిఘా పెట్టింది.

ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన పేరు ఫజులుల్లా ఖాన్. ఆయన పోలవరం డిప్యూటీ కలెక్టరు. బాస్టియన్ కొలువు చేసిన ప్రభుత్వంలోనే ఆయనా కొలువు చేశారు. అయినా సీతారామరాజును శత్రువుగా చూడలేదు. పైడిపుట్టలో ఆయనకు భూమి ఇప్పించి, తిరిగి గూడెం వైపు వెళ్ళేందుకూ తోడ్పడ్డారు. ప్రభుత్వం ఒకటే, చట్టం ఒకటే. ఒకరి చేతిలో అది కొరడా అయింది. మరొకరు అదే కుర్చీలో కూర్చుని మనిషిని మనిషిగా చూశారు.

ప్రజల బాధలు మాత్రం తీరలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై సీతారామరాజు దళం దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు తీసుకుంది. తీసుకున్న ఆయుధాల వివరాలను స్టేషన్ పుస్తకంలో వ్రాసి మరీ వెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఆంగ్ల అధికారులు మరణించారు. ఆ దారిన వచ్చిన భారతీయ సిపాయిలకు హాని తలపెట్టకుండా ముందుకు పోనిచ్చారు. పోరు అన్యాయం పైనే గానీ పొట్టకూటి కోసం కొలువు చేసే తోటి మనుషుల పైన కాదన్నది ఆయన నియమం.

ప్రభుత్వం అస్సాం రైఫిల్స్ దళాలను దించింది. 1924 మే 7న సీతారామరాజు మంప దగ్గర పట్టుబడ్డారు. కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు. కోర్టు లేదు, విచారణ లేదు, చెప్పుకొనేందుకు అవకాశం లేదు. చట్టం పేరిట అడవిని లాక్కున్నవారు ఆ మనిషి విషయంలో తమ చట్టాన్నే పక్కన పెట్టారు. గంటందొర తర్వాత కొద్ది రోజులకే పోరులో నేలకొరిగారు. అండమాన్ శిక్ష అనుభవించిన మల్లుదొర, 1952లో స్వతంత్ర భారత తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

అధికారం అల్లాహ్ మనకప్పగించిన అమానతు. మనలో గుమాస్తాలున్నారు, కానిస్టేబుళ్ళున్నారు, మేస్త్రీలున్నారు, ఇంటి పెద్దలున్నారు. మన క్రింద కనీసం ఒక్కరైనా ఉంటారు. పై నుంచి వచ్చిన ఆజ్ఞ అని చెప్పి ఆ ఒక్కరి కూలి కోస్తున్నామా, లేక వారి గోడు వింటున్నామా? రేపు ప్రళయదినాన మనల్ని అడిగేది పైవాడి ఆజ్ఞ గురించి కాదు, మన చేతల గురించి. బాస్టియన్‌కూ ఫజులుల్లా ఖాన్‌కూ మధ్య ఎవరి దారి పట్టాలో మనం ఈనాడే నిర్ణయించుకుందాం.