విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. తెలుగునేలపై పెరిగే మొక్కలను స్థానిక నామాలతో సహా శాస్త్రలోకానికి పరిచయం చేసిన తొలితరం పరిశోధకులలో ముఖ్యుడు. ఇతనిని భారత వృక్షశాస్త్ర పితామహుడిగా పేర్కొంటారు.

బాల్యం, విద్య

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్‌లో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో చేరాడు.

సామర్లకోటలో

1781 ప్రాంతంలో సామర్లకోటకు బదిలీ అయ్యి, అక్కడ ఒక తోటను నెలకొల్పి మిరియాలు, నీలిమందు మొదలగు పంటలపై ప్రయోగాలు చేశాడు. కరువుకాలంలో ప్రజలను ఆదుకోగల కొబ్బరి వంటి చెట్లను విస్తారంగా నాటాలని కంపెనీకి సూచించాడు. 1787 నాటి తుఫాను వెల్లువలో అతడు సేకరించిన ఎండు మొక్కల నమూనాలు, పుస్తకాలు, వ్రాతప్రతులు నాశనమయ్యాయి. అయినా నిరాశపడక సేకరణను తిరిగి ప్రారంభించాడు.

చిత్రాలు, నమూనాలు

స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, వాటికి వర్ణనలు వ్రాశాడు. వీటినుండి ఎంపిక చేసిన 300 చిత్రాలతో, జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో, కోరమాండల్ తీరపు మొక్కలపై మూడు సంపుటాల గ్రంథం 1795 - 1820 మధ్య లండనులో వెలువడింది. ఇందులో అనేక మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. జ్వరానికి మందుగా వాడే సోమిద చెట్టు వాటిలో ఒకటి. తరువాతి కాలంలో ఆ తెలుగు పేరే సోయ్‌మిడా అనే ప్రజాతి నామమైంది.

మొక్క శాస్త్రీయ నామానికి ఆధారంగా ఒక నమూనాను గానీ చిత్రాన్ని గానీ ప్రమాణంగా స్వీకరిస్తారు. రాక్స్‌బర్గ్ నమూనాలు కొన్ని నశించగా, మిగిలినవి ఐరోపాలోని పలు హెర్బేరియంలకు చెదిరిపోయాయి. అందువలన అతడు పెట్టిన పేర్లలో పెక్కింటికి ఈ చిత్రాలే ఆధారమయ్యాయి. అతడు గీయించిన చిత్రాలు 2,500కు పైగా ఉన్నాయి. వీటి ప్రతులు కోల్‌కతాలోను, లండనులోని క్యూ ఉద్యానవనంలోను భద్రపరచబడ్డాయి.

కలకత్తా, చివరి రోజులు

1793లో కలకత్తా వృక్షోద్యానానికి పర్యవేక్షకుడయ్యాడు. అనారోగ్యం వలన 1813లో భారతదేశాన్ని విడిచి, 1815లో ఎడింబరోలో మరణించాడు. అతని ప్రధాన రచన ఫ్లోరా ఇండికా మరణానంతరమే అచ్చయింది. విలియం కేరీ 1832లో దానిని మూడు సంపుటాలుగా ప్రచురించాడు.

తెలుగునాట గుర్తులు

రాక్స్‌బర్గ్ పనిచేసినది తీరాంధ్రలోనే అయినా, అతడు నామకరణం చేసిన వృక్షాలు గోదావరి ఎగువన కూడా పెరుగుతాయి. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల బొగ్గుగనుల ప్రాంతపు అడవులలో వేసవిలో బీడీల కొరకు ఆకు సేకరించే తునికి చెట్టు వీటిలో ఒకటి. దాని శాస్త్రీయ నామమైన డయోస్పైరాస్ మెలనాక్సిలాన్ చివర నేటికీ రాక్స్‌బర్గ్ పేరును సంక్షిప్తంగా వ్రాస్తారు.