స్టూవర్టుపురంలో హేమలతా లవణం

చలనచిత్రాలు చూచి యువకులు నేరాలు నేర్చుకొంటున్నారని పెద్దలు తరచు ఆవేదన చెందుతుంటారు. ఆ ఆవేదన నిరాధారమని మేము అనము. 2014లో తెలుగున ‘దృశ్యం’ చిత్రం వచ్చిన తరువాత, శవాన్ని దాచి సాక్ష్యాలను మాపిన కేసులను పత్రికలు ఆ చిత్రం పేరుతోనే వర్ణించడం పరిపాటి అయింది. అయితే అనుకరణకు మరొక ముఖం కూడ ఉన్నది. ఒక ఊరిని దొంగల ఊరని లోకమంతా పిలుస్తూ ఉంటే, ఆ ఊరి బాలుడు ఎవరిని చూచి ఏమి నేర్చుకోవాలి? చిత్రసీమ ఆ ఊరి వైపు చూడకముందే ఈ ప్రశ్నను తన బాధ్యతగా స్వీకరించిన శ్రీమతి హేమలతా లవణం గారి జీవితాన్ని తోటి విద్యార్థుల ముందుంచుతున్నాము.

ఆమె 1932లో నాటి గుంటూరు జిల్లా వినుకొండలో జన్మించారు. పత్తి, మిరప పండే ఆ మెట్టసీమలోనే అస్పృశ్యత చేదును చవిచూచి, దానిని 1941లో ‘గబ్బిలం’ కావ్యంగా మలచిన మహాకవి గుర్రం జాషువా ఆమె తండ్రిగారు. పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టే లోకమెట్టిదో ఆమెకు గ్రంథాల ద్వారా తెలియవలసిన అవసరం లేకపోయింది. మద్రాసులో పట్టభద్రురాలైన పిమ్మట, 1960లో నాస్తికోద్యమ నాయకులు గోరా గారి కుమారుడు లవణం గారిని కులాంతర వివాహం చేసుకొన్నారు. వినోబా భూదానోద్యమం ఆ దంపతులను ప్రజలలోనికి నడిపించింది. 1972లో చంబల్ లోయ బందిపోట్లు జయప్రకాశ్ నారాయణ్ ఎదుట ఆయుధాలు విడిచారు. హృదయపరివర్తన సాధ్యమేనన్న ఆ నమ్మకంతోనే వారు బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం వైపు దృష్టి సారించారు.

ఆ ఊరి కథ కొంత చెప్పవలసి ఉన్నది. ఎరుకలవారు పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకొనేవారు, బుట్టలు అల్లేవారు. రైళ్లు వచ్చి, ప్రభుత్వపు ఉప్పు విధానం మారి, ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం ఏర్పడింది. ఆనాటి ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. చట్టం క్రింద నమోదైనవారు వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, అనుమతి లేనిదే ఊరు కదలరాదు. 1952లో ఆ చట్టం రద్దయింది గాని, పేరు రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసుల చూపు ఆ ఊరి మీదనే పడేది.

1970 దశకంలో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, హేమలత గారు అక్కడ సంస్కరణకు పూనుకొన్నారు. ఆమె లాఠీతో పోలేదు, నీతిబోధతోనూ పోలేదు. ఇళ్లలో కూర్చొని స్త్రీల కష్టసుఖాలు విన్నారు. కారాగారంలో ఉన్నవారిని పలుకరించారు. దొంగతనం మానినవాడికి పని దొరకాలని, అతని పిల్లలు బడికి పోవాలని, అతని మీద అనుమానం తొలగాలని ప్రభుత్వంతో వాదించారు. బ్రతుకుతెరువు చూపని ఉపదేశం నిలువదని ఆమె గ్రహించారు. ‘సంస్కార్’ సంస్థ ద్వారా ఆ కృషి కొనసాగింది. నిజామాబాదు ప్రాంతంలో జోగినీ దురాచార నిర్మూలనకు కూడ ఆమె పాటుపడ్డారు. 2008లో ఆమె కన్నుమూశారు.

ఇక వెండితెర సంగతి. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అనే రెండు చిత్రాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ప్రచార చిత్రంలో తమ ఊరిని నేరాల రాజధానిగా చూపారన్న అభ్యంతరం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వరకు పోయింది. అదే చిత్రంలో హేమలత గారి పాత్రను రేణూ దేశాయ్ ధరించారు. అది సంతోషమే. కాని చిత్రానికి పేరైనది దొంగ. సంస్కర్త ఒక పాత్ర మాత్రమే. మూడు చిత్రాలలో ఏ ఒక్కటీ ఆమె పేరుతో రాలేదు.

చిత్రాలను నిషేధించాలని మేము కోరము. చూచిన ప్రతివాడూ దొంగ కాడు. అయితే నేరం మానడానికి ఏండ్ల తరబడి పడిన శ్రమ కంటె, నేరం చేసిన ఒక రాత్రి తెరపై రమ్యంగా కనబడుతున్నది. బాలుడు తన కంటికి గొప్పగా కనిపించినవారినే అనుకరిస్తాడు. చట్టం వేసిన ముద్రనే చిత్రం మళ్లీ వేస్తే, ఆ ముద్ర చెరపడానికి హేమలత గారి వంటివారు మళ్లీ మొదటి నుండి నడవవలసి వస్తుంది.

విద్యార్థి మిత్రులారా! విజయవాడ నుండి మద్రాసు వైపు పోయే రైలులో స్టూవర్టుపురం అనే చిన్న స్టేషను తగులుతుంది. ఈసారి ఆ పేరు కనబడినప్పుడు సామాను దగ్గరకు లాగుకొనక, వినుకొండ ఆడపడుచు ఒకరు ఆ ఊరి గడపలలో నమ్మకంతో అడుగుపెట్టిన సంగతి తలచుకొనండి. ఆమెకు మనం అర్పించగల నివాళి అదే.