భాండశుద్ధి నెఱింగిన ప్రాజ్ఞుడు - లూయీ పాస్టరు

గుంటూరు సీమలో మిరపపండ్లు కల్లములకు వచ్చు వేళ ఇంటింట పండుమిరప పచ్చడి దంచుట పరిపాటి. ఇల్లాలు ముందుగా జాడీని కడిగి యెండబెట్టును; తడిచేతిని దాని దరి చేరనీయదు. ఒక్క నీటిబొట్టు పడినను బూజు పట్టునని ఆమె యెఱుగును. తాటిచెట్టు గీయువారును నీరా పులియకుండుటకై కుండలోపల సున్నము పూయుదురు. భాండశుద్ధిని గూర్చిన వేమన పద్యము తెలుగుబిడ్డలకు కంఠస్థమే. ఈ యనుభవజ్ఞానమునకు మూలమైన కారణమును ప్రయోగములతో నిరూపించిన మహనీయుడు లూయీ పాస్టరు.

అతడు 1822 డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సు దేశమందలి డోల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేయు వృత్తివాడు. కుమారుడు పారిసులో రసాయనశాస్త్రము నభ్యసించి, 1854లో లిల్ నగరమున ఆచార్యుడయ్యెను. 1856లో బీటుదుంపల రసమునుండి సారాయి తీయు వర్తకుడొకడు, తన తొట్లు పుల్లబడిపోవుచున్నవని అతని నాశ్రయించెను. సూక్ష్మదర్శనితో చూడగా మంచి తొట్టిలో గుండ్రని ఈస్టు కణములును, చెడిన తొట్టిలో సన్నని కడ్డీలవంటి జీవులును కానవచ్చెను. పులియుట ఒక జీవి పని. పాడగుట వేఱొక జీవి పని. ఈ చిన్న సత్యమే అతని జీవితమునకు త్రోవ చూపెను.

ఆ త్రోవ దుఃఖమయము. 1859లో తొమ్మిదేండ్ల కూతురు జాన్, 1866లో పండ్రెండేండ్ల సెసిల్ టైఫాయిడ్ జ్వరమునకు బలియైరి. నడుమ 1865లో రెండేండ్ల కామీయు గతించెను. 1868లో పక్షవాతము అతని యెడమ భాగమును కుంగదీసెను. 1870లో జర్మనులతో యుద్ధము వచ్చి ఫ్రాన్సు ఓడిపోయెను. బీరు రుచియందు మక్కువ లేనివాడైనను, జర్మనీ బీరును మించినది తన దేశమున తయారు కావలెనని పాస్టరు పూనుకొనెను.

మొలకెత్తించి యెండబెట్టిన యవలను వేడినీట నానబెట్టి తీసిన తీపిరసమును, హాప్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపినచో బీరగును. మరిగినపుడు రసములోని క్రిములు చచ్చును. ఈస్టు చేరి బలపడిన పిమ్మట పరజీవులకు అంతగా చోటుండదు. ఈ రెంటి నడుమ, అనగా చల్లారు వేళనే, ప్రమాదము పొంచియుండును. ఆ దినములలో రసమును వెడల్పైన తెఱపి తొట్లలో గంటలకొలది ఆరబెట్టెడివారు. గాలిలోని ధూళితో క్రిములును అందు రాలెడివి. పాస్టరు మూసిన పాత్రలో రసముంచి, వెలుపలి గోడలపై చన్నీటిని చిమ్మించి, శీఘ్రముగా చల్లార్చు పద్ధతిని కనిపెట్టెను. దానికి 1873లో అమెరికాలో పేటెంటు లభించెను.

1871లో అతడు లండనులోని విట్‌బ్రెడ్ బీరు కర్మాగారమును దర్శించి, అచ్చటి ఈస్టును సూక్ష్మదర్శనిక్రింద పరీక్షించి, అందు చెడుజీవులు చేరినవని యజమానులకు చూపెను. వారము దినములకు మరల పోయి చూడగా, వారప్పటికే ఒక సూక్ష్మదర్శనిని కొని, ఈస్టును మార్చియుండిరి. 1876లో అతని బీరు గ్రంథము వెలువడెను. పానీయమునకు వచ్చు రోగమునకును మనుష్యునకు వచ్చు రోగమునకును గల పోలికను అతడందు సూచించెను. బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రికి ఆ పోలిక వట్టి తర్కము కాదు.

ఇక నీటి మాట. శుభ్రముగా కడిగిన పాత్రనైనను కలుషజలముతో తొలిచినచో పడిన శ్రమయెల్ల వ్యర్థము. 1884లో పాస్టరు ప్రయోగశాలలోనే అతని శిష్యుడు షాంబర్లాన్ పింగాణి గొట్టముతో నీటిని వడకట్టు సాధనమును నిర్మించెను. టైఫాయిడ్ వంటి వ్యాధుల క్రిములను అది నీటినుండి వేరుచేయగలిగెను. భోజనసమయమున పాస్టరు తన గ్లాసును, పళ్లెమును మరల మరల తుడుచుకొనెడివాడు. చూచువారికది చాదస్తమనిపించినను, తుడుచు చేతికి దాని కారణము తెలియును.

1885లో పిచ్చికుక్క కాటునకు టీకా నొసగి అతడు విశ్వవిఖ్యాతుడయ్యెను. 1895 సెప్టెంబరు 28న తనువు చాలించెను. గుంటూరు సీమ నాడు చేరియున్న మద్రాసు రాజధానియందలి కూనూరులో, 1907లో అతని పేర ఒక సంస్థ వెలసి ఆ టీకాను దక్షిణాదివారికి అందించెను.

ఇంట బీరు కాచుకొనుటకు చట్టమనుమతించు దేశములలో, క్రొత్తవారికి మొదట నేర్పునవి నేటికిని మూడే: మురికి పూర్తిగా వదలించి, ఆ పిమ్మట క్రిములను చంపుట; మంచి నీటిని వాడుట; మరిగిన రసమును మూతపెట్టి వేగముగా చల్లార్చుట. బీరు తొట్టియొద్ద నేర్చిన ఈ పాఠమునే పాస్టరు రోగి మంచమువఱకు కొనిపోయెను. జాడీని ఎండబెట్టు ఇల్లాలికి అతని పేరు తెలియకపోవచ్చును. అతడు చెప్పిన ధర్మమును మాత్రము ఆమె ఏటేట పాటించుచునే యున్నది.